కోళ్ళను ముందు ఎక్కించిన మనిషి

మా మామయ్య పోయి పన్నెండు రోజులైంది. ఆ రోజు పొద్దున చిక్కుడు పాదుకు నీళ్ళు పోసి, చెంబు బోర్లించి, అరుగు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. గోదావరి ఒడ్డున ఉన్న గూడేనికి మా ఆయన ఫోన్ చేసి "నాన్న పోయిండు" అంటే, అవతలి మనిషి ఎవరికో గట్టిగా చెప్పడం ఫోన్లోనే వినిపించిందట: "అయ్యో, కోళ్ళ సారు పోయిండంట!"

సారు అంటే పంతులు కాదు. సారపాక కాగితం మిల్లులో కట్టె లారీలు దించే చోట పనిచేసి రిటైరైన మనిషి. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పుకోవాలి. చెప్తాను, ఇప్పుడు దాచుకుని ఏం చేసుకోను?

ముందు ఇంటి సంగతి. మా అత్తయ్యకు మోకాళ్ళు వంగవు. ఆదివారం వచ్చిందంటే మామయ్య ఆమెను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, తాను పీట వేసుకుని, ఆమె కాలిగోళ్ళు తీసేవారు. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారని ఆమె కాలు లాక్కుంటే "మెదలకే, వేలు తెగుతది" అని కసిరేవారు. "ఆడదాని కాళ్ళు పట్టుకుంటవేందన్నా?" అని ఒకాయన నవ్వితే, "నా ఇంట్ల తిరిగి అరిగిన కాళ్ళురా, నేను గాక ఎవడు పడ్తడు?" అన్నారు. పెళ్ళితో ఆగిపోయిన నా డిగ్రీ పరీక్షలు కొత్తగూడెంలో రాస్తుంటే, రోజూ నాతో వచ్చి, పరీక్ష అయ్యేదాకా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ బల్ల పుణ్యమే.

ఇక కోళ్ళ సంగతి. గోదావరి పెరిగినప్పుడల్లా ఆ గూడేన్ని ఖాళీ చేయించాలి. జీపు వచ్చి మైకులో అరిచి పోయేది, ఒక్కరూ కదిలేవారు కాదు. సాయానికి వెళ్ళిన మామయ్య ఒక ఏడు గమనించారట, రమ్మని పిలిచినప్పుడల్లా ఆడవాళ్ళ చూపు కోళ్ళ గంపల మీదికి పోతోందని. మారు మాట్లాడకుండా ఒక పెట్టను చంకలో పెట్టుకుని ట్రాక్టర్ ఎక్కించారు. "ఓ సారూ, నా కోడి!" అంటూ ఆ ఇంటావిడ పరుగెత్తి వచ్చి ఎక్కింది. ఆమె వెనక పిల్లలు, పిల్లల వెనక మొగుడు.

"మనిషిని లాగితే మొండికేస్తడు. కోడిని ఎత్తుకో, ఆయనే ఎనక వస్తడు" అనేవారు.

అప్పటి నుంచి వరదొస్తే మనుషులు బడిలో, కోళ్ళు మా ఇంట్లో. ఎవరి కోడో గుర్తుకు కాళ్ళకు తలా ఒక రంగు గుడ్డ పీలిక. అప్పటి నుంచే మామయ్య కోడికూర మానేశారు. "పెంచినోళ్ళ పేర్లు ఎరుకైనంక ముద్ద దిగుతలేదు" అనేవారు. మా పెళ్ళిలో కూడా పప్పుతోనే లేచారు.

ఇవన్నీ నాకేం తెలుసు? ఖమ్మం టౌన్ పిల్లని. పెళ్ళైన మొదటి వానాకాలం, ఒకరోజు బజారు నుంచి వచ్చేసరికి నా గదిలో కోళ్ళు! మంచం కింద పెట్టలు, కిటికీలో పుంజు. ఆ పుంజు కాలికి నా చిలకపచ్చ పట్టు జాకెట్టు ముక్క పీలిక! నాకు ఒళ్ళు మండిపోయింది.

"అది గూడెంల ఒక అవ్వ మొక్కు పుంజు బిడ్డా. మనవడికి జరమొస్తే తల్లికి మొక్కుకున్నది. దానికి మంచి గుడ్డ కట్టాలె గదా అని పెట్టెల జూసిన" అన్నారు మామయ్య, ఏదో మంచిపని చేసినట్టు.

ఆయన అటు వెళ్ళగానే ఆ పీలిక విప్పి, ఉతికి, దాచుకున్నాను. చేసిన మొదటి తప్పు అది. రెండో రోజు మా అన్నయ్య చెప్పాపెట్టకుండా ఖమ్మం నుంచి దిగాడు. పెరట్లో పీలిక లేని పుంజు కనిపించింది. నా కళ్ళకు పుంజులన్నీ ఒక్కటే; పీలిక విప్పిన సంగతి మరిచి మన ఇంటిదే అనుకున్నాను. పక్కింటి ఆయన చేత పట్టించి నేనే కోసి, మిరియాలు దట్టించి వండాను. అన్నయ్య వేళ్ళు నాకాడు.

సాయంత్రం మామయ్య వచ్చి పెరడంతా తిరిగి "పుంజేది?" అన్నారు. పీలిక తెచ్చి చూపించి ఏడ్చాను. ఆయన చాలాసేపు బావి గట్టు మీద కూర్చున్నారు. తర్వాత లేచి చెప్పులు వేసుకున్నారు.

"నువ్వింకా ఆ గూడెం మొఖం చూడలే. మొదటిపారి పోయేది తప్పు మోసుకొని పోవద్దు బిడ్డా. నేను పోత."

వెళ్ళి "నేనే కోసుకొని తిన్న అవ్వా" అని చెప్పి వచ్చారు. బదులుగా తీసుకెళ్ళిన పుంజును ఆమె ముట్టుకోలేదట. "నీ పుంజు నా మొక్కెట్లయితది కొడుకా?" అని మాత్రం అన్నదట. ఏడాదంతా ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన మాత్రం ఇంట్లో ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి ఏడు వరద ముదిరింది. మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు. "అందరూ ఎక్కిండ్రు, అవ్వ ఎక్కనంటది. పుంజునీ ఇయ్యదు. నాన్న ఆమె పక్కనే కూసున్నడు, అవ్వ రాకుంటే తనూ రానని. వాగు చప్టా మీదికి నీళ్ళొచ్చినయి." పీలిక పిడికిట్లో పట్టుకుని, కోళ్ళను దించి వెనక్కి వెళ్తున్న ట్రాక్టర్ ఎక్కాను. చప్టా దాటుతుంటే చక్రాలు సగం మునిగాయి.

అవ్వ గుడిసె గుమ్మంలో గంప మీద చెయ్యి వేసి కూర్చుంది. పక్కన మామయ్య. నన్ను చూసి "నువ్వెందుకొచ్చినవ్, జల్దీ పో!" అని మొదటిసారి అరిచారు.

"అవ్వా, నీ పుంజును కోసింది నేను. తెలియక కోసిన. మా మామయ్య తినలే" అన్నాను.

"ఎరుకే" అంది అవ్వ. "ఈయన కోడి ముట్టడని గూడెమంత ఎరుక. అబద్ధం చెప్పనీకె గూడ రాదు ఈ కొడుకుకి. కోసిన చెయ్యి వచ్చి ఎత్తుకుంటదో లేదో జూస్తున్న. ఇంద, పట్టు."

గంపలో కొత్త పుంజు, ఆ మొక్కు కోసమే మళ్ళీ పెంచుతున్నది. నా పిడికిట్లోని పీలికను అవ్వే దాని కాలికి కట్టింది. నాకు కోడిని పట్టుకోవడం రాదు, గింజుకుని గీరింది. "కాళ్ళు పట్టి తలకిందులు జెయ్యకు. రెక్కలు కలిపి గుండెకు ఆనించు, ఊకుంటది" అన్నారు మామయ్య. అలాగే చేశాను, ఊరుకుంది. అవ్వ నా వెనకే నడిచి ట్రాక్టర్ ఎక్కింది. ఇంటి దగ్గర దిగుతూనే మామయ్య అత్తయ్యతో, "మన కోడలు ఎత్తుకొచ్చింది, నేను గాదు" అన్నారు. డిగ్రీ పాసైనప్పుడు కూడా ఆయన గొంతులో అంత గర్వం వినలేదు నేను.

ఆ తర్వాత ఎన్ని వరదలొచ్చినా ఆ గూడెంలో ఒక్క మనిషీ నీటిపాలు కాలేదు. మా మామయ్యకు శాలువాలు కప్పినవాళ్ళు లేరు. అవసరమూ లేదు.

పదో రోజు భోజనాల వేళకు గూడెం ట్రాక్టర్ మా ఇంటి ముందు ఆగింది. అందరికన్నా ముందు అవ్వ దిగింది, చంకలో పుంజుతో. మా ఆడపడుచు కూరకనుకుని చెయ్యి చాపింది.

"కూరకు గాదు" అని ఆమెను పక్కకు జరిపి అవ్వ నా దగ్గరికొచ్చింది. "గోదారి ఎర్రబడ్డది, వరదొస్తది బిడ్డా. ఇగ ఎవరికియ్యాలె?"

రెక్కలు కలిపి గుండెకు ఆనించుకున్నాను. దాని కాలికి వెలిసిపోయిన చిలకపచ్చ పీలిక. ఇన్నేళ్ళూ ఒక పుంజు నుంచి ఇంకో పుంజుకు మారుస్తూ దాచిందట. లోపలికి తీసుకెళ్ళి దించితే, మామయ్య ఫోటో ముందు దీపం చుట్టూ పోసిన బియ్యం గింజలను తాపీగా ఏరుకోసాగింది. ఇంటినిండా జనం ఉన్నారు. ఒక్కరూ దాన్ని అదిలించలేదు.