సగం గ్లాసు టీ

ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. గోపాలపట్నంలో తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగులో టీ పోసేది ఆయనే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు దారి అడగడానికి సిగ్గేసి ఆ వీధిలోనే తిరిగాను. మీటింగు జరిగే మేడ మెట్ల దగ్గర ఆయన నన్ను చూసి, "పైకే గదా బావా, రా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

అందరికీ నిండుగా పోసి నాకు మాత్రం సగం గ్లాసే ఇచ్చాడు. ఒళ్లు మండింది.

"ఏటి, నాకు సగమేనా?"

"సెయ్యి ఒణుకుతంది గదా బావా. అందరిముందూ ఒలికిందంటే మళ్లీ రావు నువ్వు. తాగు, ఇంకా పోత్తాను" అన్నాడు నాకొక్కడికే వినపడేలా.

కొన్ని వారాలకు చేతులు కుదుటపడ్డాక నాకూ నిండు గ్లాసు ఇచ్చాడు. ఆ రోజు నాకంటే ఆయనే ఎక్కువ మురిసిపోయాడు.

తర్వాత ఆయనే రావడం మానేశాడు. ఫోను ఎత్తలేదు. టీ పొయ్యడం నా వంతయింది.

మొన్న ఆదివారం వచ్చి, చివరి కుర్చీలో చేతులు తొడల కింద దాచుకుని కూర్చున్నాడు. సగం గ్లాసు పోసి అందించాను. ఆయన అందుకోబోయి, చెయ్యి మళ్లీ తొడ కిందే పెట్టుకున్నాడు.

"ఇంకా తగ్గించు బావా" అన్నాడు.