మొరం గట్టిపడేదాకా

తెలంగాణ ఉద్యమం రోజుల్లో చిట్యాల దగ్గర ఒక సభలో మాట్లాడటానికి జీపులో బయలుదేరాను. రాస్తారోకోతో పెద్ద రోడ్డు మూతపడింది. మూసింది మా వాళ్లే కనుక సణగడానికి లేదు. డ్రైవరు జీపును ఒక తండా బండ్లబాటలోకి దించాడు. నిన్నటి వానకు మెత్తబడ్డ చోట చక్రాలు దిగబడి, కొత్తగా పోసిన మొరం అంతా చెదిరిపోయింది.

పక్క చేనులోంచి ఒకామె పరుగెత్తుకొచ్చింది.

"పొద్దటిసంది పోసిన మొరం అన్నా! బాట మంచిగ లేకుంటే రేపు నా పత్తి బండిని పోనియ్యరు."

ఎవరు చెడగొట్టినా సరే, తమ చేను వెంట ఉన్న బాటను ఆ చేనువాళ్లే బాగుచేసుకోవాలట. అది తండా కట్టుబాటు. నాకు ఒళ్లు మండింది.

"తప్పు మాది, శిక్ష నీకా? ఇదేం న్యాయం?"

"పోయే జీపులను ఏడికని ఉరికి పట్టుకుంటం? బాటయితే గీడనే ఉంటది. నీ వాదం మీటింగుల చెప్పుకో. జర తట్ట పట్టు."

హేతువు ఆమె వైపే ఉంది. జీపును వెనక్కి తీయించి, తట్ట పట్టాను.

రెండు గంటల తర్వాత తండా పెద్దమనిషి వచ్చి బాటను కాలితో తొక్కి చూశాడు. "రేపు నీ బండి పోతది బిడ్డా" అన్నాడు ఆమెతో. నేను జీపెక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మొరం గట్టిపడేదాక జీపు గీడనే ఉంటది. నువ్వు నడువు సారూ."

కట్టుబాట్లను ప్రశ్నించమని చెప్పడానికే ఆ సభకు బయలుదేరాను. దారిలో ప్రశ్నించాను, జవాబు దొరికింది. మోకాళ్లదాకా ఎర్రమట్టితో నడిచే వెళ్లాను.