యాకయ్య టోపీ రివాల్వరు

పాలకుర్తి గిర్నిలో పిండి పట్టే యాకయ్యకు రెండే పిచ్చులు. ఒకటి నాటకం, రెండోది టోపీ రివాల్వరు. ఊరి దొర గడీలో తుప్పుపట్టి పడున్న పాతకాలపు రివాల్వరును చూసి, జనగామ కమ్మరి సోమనర్సయ్య చేత అచ్చం అలాంటిదే చేయించుకున్నాడు. గుండు పోకుండా గొట్టంలో సీల కొట్టించాడు. చప్పుడూ పొగా మాత్రమే వస్తాయి.

దాని తిరిగే చక్రంలోని ఆరు గదుల్లోనూ చేత్తో మందు కూరాలి. ఒక్కోదాని వెనక, సుత్తె పడితే నిప్పు రాజేసే గోరంత రాగి టోపీ తొడగాలి. ఆ పనిలో ఉన్నప్పుడు యాకయ్యకు ఆకలి కూడా గుర్తుండేది కాదు.

"పసిపోరనికి ఉగ్గు పెట్టినట్టు పెడ్తున్నవ్ గదనే దానికి!" అనేది భార్య ఉప్పలమ్మ.

"తొందరోళ్లకు గిది పనికిరాదే. ఎన్క సుత్తె లేపితే టక్కుమని తిరుగుతది సూడు, గా సప్పుడుకే పానం లేచొస్తది."

డెబ్బైమూడులో మానుకోట పోటీలకు ఓ నాటక సమాజం పిలిచింది. ఇన్‌స్పెక్టర్ వేషం ఇస్తామన్నారు. రివాల్వరు తెమ్మని మరీ మరీ చెప్పారు. యాకయ్య మీసం దువ్వుకుని వెళ్లాడు.

కోస్తా నుంచి వచ్చిన దర్శకుడు రివాల్వరును తిప్పి తిప్పి చూశాడు. పేల్పించి, పొగ చూసి చప్పట్లు కొట్టాడు. తర్వాత వేషం సంగతి. ఆ ఇన్‌స్పెక్టర్‌కు ఉన్నది ఒక్కటే మాట.

"కదిలితే కాలుస్త!" అన్నాడు యాకయ్య గొంతు బిగించి.

దర్శకుడు పడీపడీ నవ్వాడు. "ఏం కాలుస్తావయ్యా, మొక్కజొన్న పొత్తులా? 'కాల్చేస్తాను' అనాలి. నీకు నౌకరు వేషం ఇస్తాలే, ఈ యాసకి జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. తుపాకి మాత్రం ఇచ్చెయ్."

యాకయ్యకు ఒళ్లు మండింది. "అరవైతొమ్మిది తెలంగాణ లొల్లిల జనగామల నన్ను కొట్టిన ఇన్‌స్పెక్టరు గీ మాటే మాట్లాడిండు సారూ. ఎవ్వరం నవ్వలే."

సమాజం కార్యదర్శి దామోదర్‌ది ఈ ప్రాంతపు పెద్దవంగరే. అతనే నచ్చజెప్పబోయాడు. "జర ఓపిక పట్టన్నా. తుపాకన్న ఇచ్చిపో."

"ఈడ పుట్టి నువ్వు గూడ గట్లనే అంటివి! నా మాటకు సిగ్గయితది గని, నా తుపాకి పొగ ముద్దొచ్చిందా? అది గూడ జనగామల పుట్టిందేరా!"

రివాల్వరును తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కాడు. సమాజం మాత్రం చిన్నపిల్లలు ఆడుకునే ఆటతుపాకితోనే నాటకమాడి బహుమతి తెచ్చుకుంది. అది విన్నాక యాకయ్య మరీ రగిలిపోయాడు.

సంగతి ఊళ్లో పాకింది. జనం ప్రేమగానే 'ఇన్‌స్పెక్టర్ యాకయ్య' అనడం మొదలుపెట్టారు. గిర్నికాడ ఎవరలా పిలిచినా జల్లెడ పడేసి కయ్యిమనేవాడు.

"గా వేషం వెయ్యనిచ్చిండ్రార నన్ను? వేసిననాడు పిలువుండ్రి!"

ఎనభై ఆరులో పోయేదాకా ఆ పేరుకు ఒక్కసారీ పలకలేదు.