తలుపు మూసే వెర్డెల్

రాకెట్టు కొసన మనుషులు కూర్చునే గది ఉంటుంది చూశారూ, వాళ్లకు బెల్టులు బిగించి, ఆ తలుపు మూసి దిగే జట్టుకు వెర్డెల్ హచిన్స్ పెద్ద. నేను ఆ జట్టులోనే ఆవిడ పక్కన పనిచేశాను. మా టైటస్‌విల్ ఊళ్లో అంత నోటి దురుసు మనిషి ఇంకొకరు లేరు. చేతులు మాత్రం బంగారం. బొమ్మల్ని కూర్చోబెట్టి పంపిన పరీక్షలకు ఎన్నిసార్లు తలుపు మూసిందో! నిజం మనుషుల్ని, ప్రయాణానికి ఎంపికైన నలుగురినీ, చంద్రుడి దగ్గరికి పంపే తలుపు ఒక్కసారి మూసి ఉద్యోగం మానేస్తాననేది. ఆవిడకున్న కోరిక అదొక్కటే.

మా పనికో ఆచారం ఉంది. గదిలోకి వెళ్లేముందు పక్కవాడు మన ఒళ్లంతా తడుముతాడు. ఉంగరం, గడియారం, జేబులో చిల్లర అన్నీ తీసేయాలి. పనిముట్లన్నీ తాడుతో మణికట్టుకు కట్టుకోవాలి. బయటికి రాగానే మళ్లీ చూసుకోవాలి. పైకెళ్లాక బరువనేది ఉండదు కదా, మూలన పడున్న చిన్న ముక్క గాల్లోకి లేచి ఎవరి గొంతులోకో, ఏ మీట సందులోకో దూరుతుంది. అందుకే, ఏదైనా పోతే వెంటనే చెప్పండి, చెప్పినవాళ్లను పల్లెత్తు మాట అనం అని మా కంపెనీ గోడగోడకీ రాసిపెట్టింది.

ప్రయాణానికి ముందు చివరి రిహార్సల్ అయింది. వెర్డెల్ బయటికొచ్చి తన టార్చిలైటు చూసుకుంది. చివరనుండాల్సిన రబ్బరు మూత లేదు. అక్కడికక్కడే ఆ సంగతి చెప్పేసింది.

"వెళ్లేటప్పుడు ఉందా అసలు?" మేనేజరు లోనీ ప్రూయిట్ గొంతు తగ్గించాడు. "ఇంటి దగ్గరే ఊడిపోయిందేమో, బాగా గుర్తు తెచ్చుకో."

"ఉంది. ఇదిగో, ఇతనే తడిమి చూశాడు," అంటూ నన్ను చూపించింది.

"సీట్లన్నీ విప్పాలి వెర్డెల్. ఈ నెల ప్రయాణం పోతుంది. కాస్త ఆలోచించు తల్లీ."

"ఆలోచించడానికేముంది నీ మొహం! నీ కొడుకే ఆ సీట్లో కూర్చుంటే ఇలాగే నసుగుతావా? విప్పించు."

విప్పించారు. ప్రయాణం పై నెలకు పోయింది. మూత గదిలో దొరకలేదు. ఆవిడ వేసుకున్న తెల్ల తొడుగు మడతలోనే దొరికింది.

కంపెనీ సభ పెట్టింది. నిజాయితీ అంటే ఇదీ అని పెద్దలు పొగిడారు, చప్పట్లు కొట్టారు, ఆవిడ ఫొటో క్యాంటీన్ గోడకు తగిలించారు. ఆ మరుసటి వారమే, అలిసిపోయావు, కాస్త తేలిక పని చూసుకో అంటూ సామాన్ల గదికి మార్చారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. థూ, సిగ్గులేని జాతి!

"తిట్టి తీసేసుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని," అంది నాతో. "మెచ్చుకుని తీసేశారు చూడు, కడుపు మండిపోతోంది."

పై నెలలో ఆ నలుగురూ ఎక్కారు. తలుపు వేరేవాళ్లు మూశారు. రాకెట్టు లేస్తుంటే వెర్డెల్ సామాన్ల గది మెట్ల మీద నిలబడి చూసింది. కళ్లు తుడుచుకోలేదు.

రాకెట్టు లేచాక అందరం కలిసి ఉడికించిన చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె తినడం మా ఆనవాయితీ. వెర్డెల్ కూడా గిన్నె పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చింది. ప్రూయిట్ హుషారుగా ఆవిడ భుజం తట్టాడు.

"నీ పుణ్యమా అని మనవాళ్లకు ఎంత జాగ్రత్త వచ్చిందో చూడు! నీ తర్వాత ఏదైనా పోయిందని ఒక్కరంటే ఒక్కరు వచ్చి చెప్పలేదు."

వెర్డెల్ గిన్నె బల్ల మీద పెట్టింది. "ఒక్కరూ చెప్పలేదా?"

"ఒక్కరూ!"

ఆవిడ మా వైపు తిరిగింది. "రాకెట్టు వెళ్లిపోయింది, ఇక సామాన్ల గదిలోకి ఎవర్నీ తొయ్యరు. ఇప్పుడు చెప్పండర్రా. ఎవరిదైనా ఏదైనా పోయిందా?"

ఒక్కరూ తలెత్తలేదు.

"ఆ నలుగురూ క్షేమంగా దిగేదాకా నాకు ముద్ద దిగదు," అని గిన్నె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. మేం మాత్రం తిన్నాం.