అది ఘాటేలే అంది మా అక్క

మా అక్క అంకమ్మకు దగ్గు లేదని రాసింది నేనే. ఆసుపత్రివాళ్లు పట్టించుకోలేదని మా కాలనీలో చెప్పుకుంటున్నారు. కాదు. ట్యాబ్ మీద 'లేదు' అన్నచోట నా వేలితో నేనే నొక్కాను. తప్పు ఎవరి మీదికో తోసేసి ఏడ్చే రకాన్ని కాదు నేను. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఆ కోపం ఇప్పుడు నా మీదే.

అక్క నాకన్నా పన్నెండేళ్లు పెద్దది. నాకు ఐదేళ్లప్పుడు అమ్మా నాన్నా ఏడాది తేడాతో పోయారు. అప్పటినుంచి అక్కే అమ్మ. పెదకాకాని పక్కన మా కాలనీనుంచి పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి గుంటూరు వెళ్లి, గోదాములో మిరపకాయల తొడిమలు తీసేది. ఇరవై ఏడేళ్లు అదే పని. సాయంత్రం వచ్చి ఎంత రుద్ది కడుక్కున్నా ఆ చేతుల మంట పోయేది కాదు. అందుకని నేను ఏడిస్తే అరచేత్తో తుడిచేది కాదు, మోచేత్తో తుడిచేది. పెద్దయ్యాక తెలిసింది, మిగతా పిల్లల కళ్లు అలా తుడవరని.

నోరు మాత్రం గయ్యాళి నోరు. ఆటోలో ఆమె ఎక్కితే డ్రైవరు పాటలు ఆపేసేవాడు. ఆ నోటితోనే హెడ్‌మాస్టరుతో పోట్లాడి నన్ను బళ్లో వేసింది, ఆ నోటితోనే బతిమాలి నర్సు ట్రైనింగులో సీటు వచ్చేదాకా తిరిగింది. నేను తెల్ల కోటు వేసుకున్న మొదటిరోజు కాలనీ అంతా తిప్పింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

గుంటూరులో నేను పనిచేసే ఆసుపత్రిలో ప్రసన్నకుమార్ గారని ఛాతీ డాక్టరు ఒక పరిశోధన మొదలుపెట్టారు. టీబీ ఉన్న కూలిజనం ఆసుపత్రికి వచ్చేసరికే ఊపిరితిత్తులు సగం పాడైపోయి ఉంటున్నాయి. మనమే వాళ్లు పనిచేసే చోటికి వెళ్లి, నాలుగు ప్రశ్నలు అడిగి, అనుమానం ఉన్నవాళ్ల తెమడ పరీక్ష చేస్తే ఎంతమందిని ముందుగా పట్టుకోవచ్చో చూద్దామని ఆయన ఆలోచన. అడిగే పని నాకిచ్చారు. మిరపకాయల గోదాములన్నీ నాకు తెలుసని నేనే గొప్పగా చెప్పుకున్నాను మరి.

ఫిబ్రవరిలో అక్క పనిచేసే గోదాముకే వెళ్లాను. నలభై మంది ఆడవాళ్లు ముక్కుకీ నోటికీ తువ్వాళ్లు చుట్టుకుని కాయల కుప్పల ముందు వరసగా కూర్చున్నారు. గుమ్మంలోనే నాకు వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి.

“డాక్టరమ్మ గారొచ్చారండోయ్! లేచి నిలబడండే!” అంది అక్క. అందరూ గొల్లుమన్నారు.

“నీ వేళాకోళం ఆపక్కా. అడిగినదానికి చెప్పు. రెండు వారాలకు మించి దగ్గుందా?”

“దగ్గేందే? అది ఘాటేలే,” అని చెబుతూనే దగ్గింది. పక్కన కూర్చున్న గురవమ్మా దగ్గింది. వెనక వరసలో ఇంకో నలుగురు. “ఇదుగో, చూడు. ఈ లెక్కన మా అందరికీ టీబీయేనా?”

'లేదు' నొక్కాను.

“తెమడలో రక్తం పడుతోందా?”

“సీజన్లో మా ఉమ్ములు తెల్లగా ఎప్పుడున్నాయే, పిచ్చిమొహమా?” అంటూ మూతికి కట్టుకున్న తువ్వాలు అంచు తీసి చూపించింది. ఎర్రగా ఉంది. అక్కడ ప్రతి తువ్వాలూ మిరప దుమ్ముతో ఎర్రగానే ఉంది. అందరూ మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే రెండో 'లేదు' కూడా నొక్కాను. పరిశోధనలో పేర్లు ఉండవు, నంబర్లే. అక్క నంబరు అరవై మూడు.

ఆరోజు నలభై మందిలో ఒక్కరికి కూడా తెమడ డబ్బా ఇవ్వలేదు. ఎవరికీ దగ్గు లేదుగా! “మీవాళ్లు గట్టివాళ్లమ్మా జయకుమారీ,” అన్నారు డాక్టరు గారు. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మే నెలలో మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులు ఇచ్చారు. గోదాముకూ తాళం పడింది. సీజన్లో మా చర్చి చూడాలి, ప్రార్థన మధ్యలో ఈ మూలా ఆ మూలా దగ్గులే. పాస్టరు గారు ఆగి ఆగి మాట్లాడతారు. మే నాలుగో ఆదివారం అలా లేదు. ఫ్యాను చప్పుడు కూడా వినబడుతోంది. అందులో ఒక్కటే దగ్గు. ఆగుతోంది, మళ్లీ వస్తోంది. ఎవరబ్బా అని వెనక్కి తిరిగాను.

మా అక్క. ఒళ్లో బైబిలు, నోటికి అడ్డంగా తెల్లచీర కొంగు. ఆ కొంగు మీద ఎరుపు. పనిలోకి వెళ్లి అప్పటికి మూడు వారాలైంది. మిరపకాయ లేనిచోట ఆ ఎరుపు ఎక్కడినుంచి వస్తుంది? ప్రార్థన అయ్యేదాకా కూడా ఆగలేదు, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

“ఎన్నాళ్లనుంచక్కా?”

“ఏందే నీ గోల? క్రిస్మస్ ముందునుంచి ఉంటానే ఉందిగా. అది ఘాటే. ఒంట్లో పేరుకుపోయుంటది.”

క్రిస్మస్ ముందునుంచి. అంటే ఫిబ్రవరిలో నేను నవ్వినరోజు కూడా ఉంది.

ఎక్స్‌రే డాక్టరు గారు వెలుగుకు పట్టి నాకూ చూపించారు. టీబీ రెండువైపులా పాకిపోయింది. “మూడు నెలల ముందు వచ్చి ఉంటే...” అని నా మొహం చూసి ఆగిపోయారు. ఆయన పూర్తిచేయని ఆ మాట నేను రోజూ పూర్తిచేసుకుంటూనే ఉన్నాను.

మందులు మొదలుపెట్టారు. మొదటి పది రోజులు కాస్త తేరుకుంది. మంచం మీద కూర్చుని వార్డు ఆయాల మీద అజమాయిషీ కూడా చేసింది. ఒకరోజు డాక్టరు గారు రౌండ్స్‌కు వస్తే ఆయన్నీ వదల్లేదు.

“అయ్యగారూ, తప్పుగా అనుకోమాకండి. దగ్గుందా అని అడిగితే మాలో ఒక్కత్తి కూడా చెప్పదు. మాకది దగ్గు కాదు. సెలవులకి అది పోయిందా లేదా అని అడగండి. పోకపోతే అప్పుడు పట్టుకోండి.”

ఆయన జేబులోంచి కాగితం తీసి అక్కడే రాసుకున్నారు. “చదువుకున్నోళ్లు, మీకు నేను చెప్పాలా!” అని మా అక్క గొప్పలు పోయింది. నేను వార్డు బయటికి వెళ్లి గోడకు తల ఆనించి ఏడ్చాను. తిరిగొచ్చేసరికి కనిపెట్టేసింది. దగ్గరకు రమ్మని మోచేత్తో నా కళ్లు తుడిచింది. నెలకు పైగా ఆ చేతులు మిరపకాయ ముట్టలేదు. అయినా మోచేయే.

“నేనే లేదని రాశానక్కా,” అన్నాను.

“నేను చెప్పిందేగా రాశావు. ఊరుకోవే.”

జూన్ ఆఖరి గురువారం, పొద్దున టిఫిన్ తింటూ ఉండగా ఒక్కసారిగా రక్తం కక్కుకుంది. డాక్టరు గారు పరుగెత్తుకొచ్చారు. అరగంటలో అయిపోయింది. నలభై నాలుగేళ్లు. నేను నర్సుని, పక్కనే ఉన్నాను, ఆమె వీపు పట్టుకుని కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

జూలైలో కొత్త ప్రశ్నతో గోదాములన్నీ మళ్లీ తిరిగాం. పని లేని రోజుల్లో దగ్గు పోతోందా? ఆ ఒక్క ప్రశ్నకు మూడు వందల మందిలో పదకొండు మంది దొరికారు. అందులో గురవమ్మ ఒకరు. పదకొండు మందీ నడుచుకుంటూ వచ్చి మందులు తీసుకున్నారు.

రిపోర్టు తయారవుతున్నప్పుడు డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. “సార్, అరవై మూడు నంబరు దగ్గర ఆ రెండు టిక్కులు మార్చనివ్వండి. దగ్గు ఉంది, రక్తమూ ఉంది. నేను కళ్లారా చూశాను,” అన్నాను.

“మార్చకూడదమ్మా. మన పాత ప్రశ్న ఎక్కడ తప్పిందో చూపించేది ఆవిడే. ఆ 'లేదు' చెరిపేస్తే కొత్త ప్రశ్న ఎందుకో ఎవరికీ అర్థం కాదు,” అన్నారు. నాకు ఆయన మీద ఒళ్లు మండిపోయింది. ఆయన చెప్పింది నిజమే కావడంతో ఇంకా మండింది.

జనవరిలో సీజను మళ్లీ మొదలైంది. గురవమ్మకు ఆరు నెలల మందులూ పూర్తయి ఒళ్లు చేసింది. గోదాములో మా అక్క కూర్చునే చోటే కూర్చుని తొడిమలు తీస్తోంది. నన్ను చూసి పక్కన కూర్చోబెట్టుకుంది.

“అమ్మాయ్, నన్నింత చక్కగా కనిపెట్టి బతికించారు. అంకమ్మదీ ఇదే జబ్బంటగా? మరి సొంత అక్కని ఎట్టా కనిపెట్టకుండా వదిలేశావే?”

“అడిగాను పిన్నీ. ఇక్కడే, నీ పక్కనే. ఘాటేలే అంది. మీరంతా నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వి, లేదని రాసుకున్నాను.”

గురవమ్మ చేతిలో కాయ కుప్పలో పడేసింది. చెయ్యెత్తి, అరచేయి చూసుకుని, మోచేత్తో నా కళ్లు తుడిచింది.