చెప్పులు విడిచిన డ్రైవర్

రియాక్టర్లో వాడేసిన అణు ఇంధనాన్ని లారీలో తరలించడానికి ఏ దారి క్షేమమో తేల్చడం నా ఉద్యోగం. ఆ పని మీదే బళ్లారి దగ్గర రూపనగుడి దారిలో ఒక పాత వంతెనకు పరికరాలు బిగిస్తున్నాను. తోరణగల్లు నుంచి ఉక్కు మోసుకొస్తున్న ట్రైలర్ ఒకటి వంతెనకు ముందే ఆగింది. పెద్దవయసు డ్రైవర్ దిగి, చెప్పులు విడిచి, వంతెన మీద కదలకుండా నిలబడ్డాడు. మొక్కుకుంటున్నాడనుకున్నాను.

ఈలోగా ఒక బస్సు వంతెన దాటింది.

"ఎడం పక్క అదురు పోయినసారి కన్నా ఎక్కువ ఉండాదప్పా. నేను నడిమధ్యలో పోతా," అన్నాడు.

"నీకెట్లా తెలిసింది?"

"స్వల్ప ఆ బూట్లు ఇప్పి నిలబడు, కాలికే తెలుస్తాది. మా డ్రైవర్లంతా ఇట్లనే చూస్తాము."

నవ్వేశాను. రెండు రోజులు కొలిచాక నా కంప్యూటరూ ఎడమ పక్కే అదురు ఎక్కువని చూపించింది. ఇన్నేళ్ల నా చదువు చెప్పాల్సిన మాట ఆయన అరికాలు ముందే చెప్పేసిందని ఈర్ష్యతో ఒళ్లు మండిపోయింది.

వంతెన బాగుచేసేదాకా ఆ దారి వద్దని నివేదిక రాశాను. ఆయన సంగతి మాత్రం రాయలేదు.

తిరిగి వచ్చేరోజు మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, బూట్లు విప్పి వంతెన మీద ఆయన నిలబడ్డ చోటే నిలబడ్డాను. బస్సు వెళ్లింది. నా కాళ్లు కాలాయి, అంతే.