బట్టీ అడ్వాన్సు, కెనడా ఫండింగు

చదువుకునేవాళ్ళకు ఎదురు డబ్బులిస్తారంటే మా ఇంట్లో ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో నాకూ కాలేదు. మా పిడుగురాళ్ళ వైపు విదేశీ చదువంటే అందరికీ తెలిసిన దారి ఒకటే. బ్యాంకు లోను, దానికి తాకట్టుగా పొలమో ఇల్లో, పైన కన్సల్టెన్సీ వాళ్ళ ఫీజు. మాకు పొలం లేదు. ఇంటికి రేకుల కప్పు. దాన్ని తాకట్టు పెడతానంటే బ్యాంకు మేనేజరు నవ్వి టీ తాగించి పంపేవాడు.

అయినా నేను ఊరుకునే రకాన్ని కాదు. గుంటూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసేటప్పుడు మా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడు మీద ప్రాజెక్టు చేశాను. అదే పని పెద్ద ఎత్తున చేస్తున్న ప్రొఫెసరు ఒకావిడ కెనడాలో ఉందని నెట్‌లో చూసి మెయిల్ రాశాను. రాసి మర్చిపోయానంటే అబద్ధం, పూటకోసారి ఫోను చూసుకునేదాన్ని. ఆవిడ జవాబిచ్చింది, నాతో మాట్లాడింది, కొన్ని నెలలకు యూనివర్సిటీ నుంచి ఆఫర్ వచ్చింది. పీహెచ్‌డీ సీటు, ఫీజు మాఫీ, చదివినన్నాళ్ళూ నెలనెలా ఖర్చులకు డబ్బు. వస్తానో రానో ఆ నెలాఖరులోగా చెప్పాలి.

నాన్న నన్ను నరసరావుపేటలో ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్ళి ఆ కాయితం చూపించాడు. అక్కడి కుర్చీలోని పెద్దమనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేందో తేడాగా ఉందండీ. ఫీజు మనం కట్టాలిగానీ వాళ్ళు మనకి కట్టేదేంది? మేం మంచి సీటు ఇప్పిస్తాం. వీసా కోసం అకౌంట్లో బ్యాలెన్సు కూడా మేమే చూపిస్తాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను ఫీజు లేకుండా వెళ్ళిపోతే ఆయనకేం మిగులుతుంది? కానీ నాన్న మనసులో ఆ మాట దిగబడిపోయింది.

బస్సులో వస్తూ నచ్చజెప్పాను. ఊరికే ఇవ్వరు నాన్నా, నేను ల్యాబులో పని చేస్తాను, జూనియర్లకు ప్రాక్టికల్స్ చెప్తాను, అదంతా పనికి జీతం అన్నాను. దాంతో వ్యవహారం ఇంకా చెడింది.

"పని మొదలెట్టకముందే ఇన్నేళ్ళకి ఇంత అని రాసిచ్చేదాన్ని జీతం అనరు అమ్మాయ్. అడ్వాన్సు అంటారు" అన్నాడు నాన్న.

నాన్న ఇప్పుడు సున్నం లారీ నడుపుతాడుగానీ, కుర్రతనమంతా సున్నపు బట్టీలో పోయింది. మా దగ్గర బట్టీ పనికి మనుషుల్ని కుదుర్చుకునేటప్పుడు ముందే కొంత డబ్బు చేతిలో పెడతారు. అదే అడ్వాన్సు. తాత జబ్బుపడ్డప్పుడు నాన్న అది తీసుకున్నాడు. మరుసటేడే మాచర్లలో లారీ మీద క్లీనరుగా, డ్రైవింగు నేర్పే మాట మీద, పని దొరికింది. వెళ్తానంటే బట్టీ యజమాని, "పో, నిన్నెవడు ఆపాడు? అడ్వాన్సు అక్కడ పెట్టి పో" అన్నాడట. పెట్టడానికి ఏముంది? ఆ పని ఇంకొకరికి పోయింది. అడ్వాన్సు తీరేదాకా నాన్న చానా ఏళ్ళు ఆ బట్టీ దగ్గరే రాళ్ళు పేర్చాడు. ఇది మాకు అమ్మ చెప్పిందే. నాన్న నోట ఎన్నడూ వినలేదు.

ఇంట్లో రోజూ అదే గొడవ. నేను అలిగాను, అన్నం మానేశాను, మళ్ళీ ఆకలేసి తిన్నాను. నెలాఖరు దగ్గరపడుతోంది. చివరికి అమ్మే విసుక్కుంది. "ఏమే, నువ్వు చెప్తే ఆయన నమ్మడు. ఆ కన్సల్టెన్సీ వాడు చెప్తే నువ్వు నమ్మవు. ఇచ్చేది ఆవిడ గదా. అడిగేదేందో ఆవిడనే అడగండి."

మా నాన్న మీతో మాట్లాడాలంటున్నారని మెయిల్ రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. చిన్నపిల్లను బడిలో చేర్పించడానికి నాన్న వెంట వచ్చినట్టుంది. ఆవిడ మాత్రం సంతోషంగా సరే అంది.

మాకు సాయంత్రం, ఆవిడకు ఉదయం. నాన్న స్నానం చేసి, పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా తొడుక్కుని, ఫోను ముందు ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆవిడ కాఫీ కప్పుతో కనపడగానే దణ్ణం పెట్టాడు. ఆవిడా కప్పు పక్కన పెట్టి దణ్ణం పెట్టింది. నేను మధ్యలో కూర్చుని ఇద్దరి మాటలూ అటూ ఇటూ చెబుతున్నాను. పిల్లలెంతమంది, వానలు పడ్డాయా అని కుశలాలు అయ్యాక నాన్న గొంతు సవరించుకున్నాడు.

"మేడంగారూ, మా పిల్లకి అక్కడ మనసు నిలవక మధ్యలో వస్తానంటే రానిస్తారా? ఇచ్చింది తిరిగి కట్టి పొమ్మంటారా?"

ఇంకా చేరనే లేదు, మానేసే దారి అడిగితే ఆవిడ ఏమనుకుంటుంది? ఇలాంటిదాన్ని ఎందుకు తీసుకోవాలి అనుకోదూ? ఆ మాట మార్చి ఇంకేదైనా అడుగుదామని చూశాను.

"అడుగు" అన్నాడు నాన్న. "ఉన్నదున్నట్టు అడుగు. నువ్వేం కలపమాక."

అడిగాను. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. నా సీటు పోయిందనే అనుకున్నాను. తరువాత ఆవిడ నన్ను కాదు, నాన్ననే చూస్తూ నిదానంగా చెప్పింది. వచ్చెయ్యొచ్చు, ఎప్పుడైనా. చేసిన పనికి ఇచ్చింది మీ అమ్మాయిదే, ఎవరూ తిరిగి అడగరు. తన దగ్గర చదివే అబ్బాయి ఒకడు అలాగే సగంలో మానేసి బేకరీ పెట్టుకున్నాడట.

"మరి వాడి దగ్గర ఏం వసూలు చెయ్యలేదా?" అన్నాడు నాన్న.

"లేదు, ప్రతి శనివారం వాడి దగ్గర రొట్టె కొని నేనే డబ్బులిస్తాను" అందావిడ.

అది తెలుగులో చెప్పేసరికి నాన్న పకపకా నవ్వాడు. తలుపు చాటున నిలబడ్డ అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులతోనే నాకు సీటు ఖాయమైంది.

మర్నాడు లారీ స్టాండులో నాన్న అందరికీ చెప్పుకున్నాడు. ఏ దేశం, ఏం చదువు, నెలకెంత ఇస్తారు, ఇవేవీ ఆయన సరిగ్గా చెప్పలేదని తరువాత తెలిసింది. "నచ్చకపోతే వచ్చెయ్యొచ్చంటరా, పట్టుకోరంట" అని మాత్రం ఒకటికి పదిసార్లు చెప్పాడట.

ఇక్కడ కెనడాలో నా పని నాకిష్టం. చలి ఇష్టం లేదు, తిండి సర్దుకున్నాను. ఆదివారం ఫోనులో నాన్న మార్కులడగడు, డబ్బులడగడు. "ఉండాలనుందా, వచ్చెయ్యాలనుందా?" అని అడుగుతాడు. బట్టీలో ఆయన్ని ఎవరూ అడగని మాట అది. అందుకే నేను గబుక్కున చెప్పను. కాసేపు నిజంగా ఆలోచించుకుని, ఉండాలనే ఉంది నాన్నా అంటాను.